నాలుగు వందల పన్నెండో లైను

మూత పడి 19వ రోజు. గాలి 620.

పొద్దున్నే ఆకు కోసి తట్టల్లో వేశాను. పట్టుపురుగులు మూడో జ్వరం లేచి, అంటే మూడోసారి పొర విడిచి, రెండు రోజులైంది. ఈ దశలో ఎంత ఆకు వేసినా గంటలో ఈనెలే మిగలాలి. వేసింది వేసినట్టే ఉంది.

కుళ్లాయమ్మ పక్క గదిలో ఉంటుంది. డెబ్బై ఏళ్లు దాటాయి. పురుగుల పని నాకు నేర్పింది ఆమే. తట్ట మీదికి వంగి చూసింది.

"ఇవి మేత మీద లేవు రత్నా. మనసు బాగలేనోళ్లు కంచం ముందర కూచుంటారు చూడు, అట్ల కూచోనుండాయి."

ఆకు ముదిరిందేమో అన్నాను. ఆకు లేతగానే ఉంది. దీపాల కింద పెంచిన మల్బరీ, నిన్న కోసిన కొమ్మదే. అయినా ఏదో ఒకటి అనాలి కదా.

ఈ పుస్తకం మా అన్న ఓబులేసుది. గాలి కొలిచే గోడ మీది పెట్టె చూపించే అంకె రోజూ రాసి, దాని కింద రెండు ముక్కలు రాసేవాడు. అన్న పోయి పదకొండు నెలలు. అలవాటు తప్పించడం ఎందుకని నేను రాస్తున్నాను. అంకె ఎనిమిది వందల లోపు ఉంటే మేముండే ఈ నేలకింది గుంతలో గాలి బాగున్నట్టు. దాటితే పెట్టె తనంతట తానే ఫ్యాను తిప్పి, దుమ్ము ఆపే గుడ్డలోంచి పైగాలి లాగుతుంది. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాం అన్న రాసిందే. చుట్టుపక్కల చాలా గుంతల్లో అదే నడుస్తుంది.

దుమ్ముకాలం రాగానే గుంతకు పైమూత వేసేస్తాం. రెండు మూడేళ్ల కిందటి దాకా ఎంత దుమ్ము లేచినా పొద్దునపూట ఒక గంట తెరిపి ఇచ్చేది. ఆ గంటసేపు మూత తీసిపెట్టేవాళ్లు. ఇప్పుడు తెరిపి లేదు. పోయినేడు మూత పడితే నలభై ఎనిమిది రోజులకు గానీ తీయలేదు.

తల బరువుగా ఉంది. దిగులు వల్లనే అంటుంది కుళ్లాయమ్మ. నాకు దిగులుగా కూడా ఏమీ లేదు. అన్న పోయిన రోజున కూడా నేను ఏడవలేదు. పైకి మోసుకెళ్లడానికి తాళ్లు ఎక్కడున్నాయో వెతికాను.

మూత పడి 23వ రోజు. గాలి 600.

ఒక తట్ట మొత్తం తీసి పారేశాను. పురుగులు మెత్తబడ్డాయి. కుళ్లాయమ్మ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నేను అన్నం తిని చేయి కడుక్కున్నాక చెప్పింది. నాకు తెలియలేదు.

సంతలో మళ్లీ సోర్స్ పెట్టాలన్న గొడవ. సంత అంటే రేడియో మీద నడిచే మా రాతల బోర్డు. ఈ చుట్టుపక్కల మూడు వందల నలభై గుంతలవాళ్లు అందులో ఉన్నారు. సరదాకి ప్రోగ్రాంలు రాసేవాళ్లు తాము రాసినవి అక్కడ పెడతారు. ఒకరిది నీటి పంపుకు, ఒకరిది దీపాలకు. కొందరు సోర్స్ పెడతారు. అంటే మనిషి రాసింది రాసినట్టుగా. ఎవరైనా చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. కొందరు కంపైల్ చేసిన ఫైలు మాత్రమే పెడతారు. అది పెట్టెకు అర్థమవుతుంది, మనిషికి కాదు. ఎక్కించుకుంటే పని చేస్తుంది, అంతే.

అన్న మొదట్లో సోర్సే పెట్టేవాడు. ఆరేళ్ల కిందట దక్షిణం వైపు ఒకాయన అది తీసుకుని, బ్యాటరీ మిగలాలని ఫ్యాను తిరిగే సమయం సగానికి సగం కోశాడు. ఆ ఇంట్లో ఇద్దరు పోయారు. కోసిన మనిషి పేరు ఎవరికీ గుర్తులేదు. ప్రోగ్రాం మీద అన్న పేరుంది కాబట్టి అందరూ అన్ననే అన్నారు. నెలరోజులు అన్న సంత తెరవలేదు. తెరిచాక ఒక్క మాట రాశాడు: "ఇకనుంచి వండింది వడ్డిస్తాను. వంటింట్లోకి మాత్రం ఎవర్నీ రానివ్వను." సోర్స్ బయటపెట్టనని నా దగ్గర కూడా మాట తీసుకున్నాడు.

ఇవాళ మెహరున్నీసా రాసింది. ఏడో గుంతలో ఉంటుంది. బళ్లో లెక్కలు చెప్పిన మనిషి.

"రత్నక్కా, మా పెట్టె 590 అంటోంది. ఇంట్లో నలుగురికీ తలనొప్పి. నిన్న మా ఆయన గౌస్ నిచ్చెన దిగుతూ కళ్లు తిరిగి పడ్డాడు. ఓబులేసన్న సోర్స్ పెట్టండి, ఒకసారి చూస్తాను."

"అన్న పెట్టొద్దన్నాడు. వంటింటి మాట మీకూ తెలుసు కదా" అని రాశాను.

"తెలుసు అక్కా. కానీ వడ్డించింది తిని కడుపులో నొప్పొస్తే వంటిల్లు చూడక తప్పుతుందా?"

సంత మూసేశాను. తట్టలు కడగాల్సి ఉంది.

మూత పడి 24వ రోజు. గాలి 600.

సంతలో ఇంకో పదిమంది తలనొప్పి అన్నారు. సోర్స్ పెట్టమని ఆరుగురు. అన్న మాట అన్నదే, గౌరవించండి అని ఇద్దరు. ఆ ఇద్దరి మీద నలుగురు. చదివి చదివి కళ్లు మండాయి.

అన్న ఉన్నప్పుడు ఏ పెట్టె మొరాయించినా ముందు ఆపి మళ్లీ ఆన్ చేసేవాడు. సగం జబ్బులు దాంతోనే పోయేవి. అదే రాశాను: "అందరూ పెట్టె ఆపండి. పది లెక్కపెట్టి మళ్లీ ఆన్ చేయండి. అన్న ఇలాగే చేసేవాడు."

మా పెట్టె కూడా ఆపి ఆన్ చేశాను. 400 చూపించింది.

మూత పడి 26వ రోజు. గాలి 430.

సంతలో అందరూ బాగుందనే రాశారు. నలభై రెండో గుంత తిప్పేస్వామి ఇలా రాశాడు: "అక్కా, మాది 400కి దిగింది. రెండ్రోజులుగా దగ్గుతున్న మా అమ్మ ఇప్పుడు నెమ్మదిగా నిద్రపోతాంది. మీ మేలు మరిచిపోం."

అంకె ఇంత బాగా ఎప్పుడూ లేదు. సంతోషించాలి. పురుగులు రెండు తట్టలు పోయాయి.

మూత పడి 26వ రోజు. గాలి 440.

ఆకు కోశాను. నీళ్లు పట్టాను. కత్తి ఎక్కడో పెట్టాను. దొరకలేదు.

కుళ్లాయమ్మ ఈ పుస్తకం చూసి, "నిన్ననే గదమ్మే ఇరవై ఆరు రాస్తివి" అంది. నిజమే. ఇవాళ 27. దిద్దలేదు.

మూత పడి 29వ రోజు. గాలి 450.

నలభై రెండో గుంతలో ముగ్గురూ పోయారు. తిప్పేస్వామి, అతని భార్య వన్నూరమ్మ, తల్లి హనుమక్క.

రెండు రోజులుగా రేడియోలో పలకడం లేదని తిప్పేస్వామి వాళ్లన్న ఎర్రిస్వామి పక్క గుంత నుంచి మాస్కు కట్టుకుని దుమ్ములో నడిచి వెళ్లాడట. ముగ్గురూ పడుకున్నవాళ్లు పడుకున్నట్టే ఉన్నారు. పొయ్యి మీద గిన్నెలో కొలిచి పోసిన బియ్యం ఉన్నాయి. గోడ మీద పెట్టె 410 చూపిస్తోంది.

ఎర్రిస్వామి సంతలో ఎవరిచేతో ఇంతే రాయించాడు. ఎవర్నీ ఏమీ అనలేదు.

నేను చదివాను. మళ్లీ చదివాను. తర్వాత వెళ్లి మిగిలిన తట్టల్లో ఆకు మార్చాను. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించలేదని రాస్తున్నాను, అంతే.

మూత పడి 30వ రోజు. గాలి 450.

మెహరున్నీసా ఇవాళ ఒక పని చేసింది. వాళ్లింటి పెట్టెను గోడ మీంచి ఊడదీసి, తీగ పొడుగు చేసుకుని, మాస్కు కట్టుకుని దుమ్ములోకి పైకి తీసుకెళ్లింది. బయటిగాలిలో పెట్టి చూసింది. ఎంత దుమ్మున్నా అది బయటిగాలి, పెట్టె ఇంచుమించు 400 చూపించాలి.

సున్నా చూపించిందట.

"సున్నా అనేది ఈ లోకంలో ఏ గాలికీ ఉండదు అక్కా" అని సంతలో అందరి ముందూ రాసింది. "పెట్టె దేన్నో మంచిగాలి అనుకుని అక్కణ్ణుంచి లెక్క మొదలుపెడుతోంది. మన గుంతల్లో మురిగిన గాలినే అది మంచిగాలి అనుకుంటోంది. మనం ఆపి ఆన్ చేసినప్పుడు ఇంకా మురిగిన గాలిని మంచిది అనుకుంది. అసలు ఎంత పాడైందో పెట్టెకే తెలీదు. అందుకే ఫ్యాను తిప్పడం లేదు."

కొందరు ఫ్యానును నేరుగా బ్యాటరీకి కలిపారు. ఆగకుండా తిరిగి తిరిగి మధ్యాహ్నానికి బ్యాటరీ చచ్చింది. దుమ్ములో ఎండ లేదు, మళ్లీ నిండదు. ఇద్దరు పైమూత తీశారు. లోపలికి వచ్చిన దుమ్ముకు ఇప్పుడు ఆ ఇళ్లలో అందరూ దగ్గుతున్నారు.

మూత పడి 31వ రోజు. గాలి 460.

పెట్టె అబద్ధం చెప్తోందని తెలిసినా అంకె రాశాను. చేయి అలవాటు.

మధ్యాహ్నం మెహరున్నీసా రేడియోలో మాట్లాడింది. గొంతు వినడం ఇదే మొదలు. నేను అనుకున్నంత పెద్దదిగా లేదు గొంతు.

"నేనే సరిచేసి కొత్త ఫైలు పెడతాను" అన్నాను. "అన్న పక్కనే కూర్చుని ఇన్నేళ్లు కంపైల్ చేసింది నేనే. నాకు తెలుసు."

"కంపైల్ చేయడం తెలుసు. లోపల చదివారా ఎప్పుడైనా?"

చదవలేదు. అన్న ఇచ్చింది ఇచ్చినట్టు కంపైల్ చేసి, పెట్టెకు ఎక్కించి, అంకె రాసేదాన్ని. అదే చెప్పాను.

"రత్నక్కా, మీ మాట నమ్మి నలభై రెండో గుంతలో పెట్టె ఆపి ఆన్ చేశారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీకూ తెలీదు కదా. కానీ ఇంకో మూసిన ఫైలు మా ఇంట్లో ఎక్కించను. మీరు ఇచ్చినా ఎక్కించను, ఓబులేసన్న లేచి వచ్చి ఇచ్చినా ఎక్కించను. లోపల ఏముందో నా కళ్లతో చూడాలి."

"నేను మాట ఇచ్చాను ఆయనకి."

ఆమె వెనక ఎవరో దగ్గుతున్నారు.

"గౌస్‌కి పొద్దున్నుంచి నా పేరు గుర్తు రావడం లేదు అక్కా" అంది.

మూత పడి 32వ రోజు.

ఇవాళ అంకె రాయను.

అన్న గది తెరిచాను. పదకొండు నెలలుగా మూసే ఉంది. చిన్న గది, మంచం వేస్తే నడవడానికి చోటుండదు. సోర్స్ ఉన్న మెమరీ కార్డు బల్ల సొరుగులో ఉంది. తెచ్చి తెరిచి చదవడం మొదలుపెట్టాను.

అన్న రాసే పద్ధతి నాకు తెలుసు అనుకున్నాను. తెలీదు. ప్రతి పది లైన్లకూ తెలుగులో ఒక ముక్క రాసుకున్నాడు. ఎందుకు ఇలా చేశాడో, ఏ రోజు చేశాడో. కంపైల్ చేస్తే ఆ ముక్కలన్నీ పోతాయి, ఫైలులోకి రావు. అందుకే ఒక్కటీ నేను చూడలేదు.

నాలుగు వందల పదకొండో లైను దగ్గర పెట్టె మంచిగాలిని గుర్తుపట్టే పద్ధతి ఉంది. వారం మొత్తంలో అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెను అది బయటిగాలి అనుకుంటుంది. రోజూ ఒక గంట మూత తీసే కాలానికి అది సరిపోయేది. ఆ గంటలో మంచిగాలి వచ్చేది, పెట్టె సరిగ్గా గుర్తుపట్టేది. మూత తీయని వారాల్లో, ఆ గుంతలో ఉన్న మురుగుగాలిలో కాస్త తక్కువ మురిగిందాన్ని మంచిది అనుకుంటుంది. మరుసటి వారం ఇంకొంచెం మురిగిందాన్ని.

దాని కింద, నాలుగు వందల పన్నెండో లైనులో, అన్న ఇలా రాశాడు. నాలుగేళ్ల కిందటి తారీఖు.

"ఇది తాత్కాలికం. వారాల తరబడి మూత తీయని కాలం వస్తే పెట్టె అబద్ధం చెప్తుంది, మనుషులు పోతారు. మళ్లీ ఆన్ చేసినా ఉన్న గాలినే మంచిగాలి అనుకుంటుంది. కాబట్టి పైకి తీసుకెళ్లి బయటే ఆన్ చేయాలి. సరిచేయాలి. రత్నకి చెప్పాలి."

నాకు చెప్పలేదు.

పాడైన పెట్టెను అన్న ఎప్పుడూ నిచ్చెనెక్కి పైకి తీసుకెళ్లేవాడు. దుమ్ము దులపడానికి అనుకునేదాన్ని.

ఇంకొకటి కూడా రాయాలి. పోయినేడు మూత పడ్డాక అన్న కాలు మడతపడింది. గదిలోంచి బయటికి రాలేదు. ఆ గదికి వేరే పెట్టె. నలభై నాలుగో రోజు పొద్దున కాఫీ తీసుకెళ్తే లేవలేదు. గుండె ఆగి ఉంటుందని డాక్టరమ్మ రేడియోలో చెప్పింది. సరే అన్నాను. ఆ రోజు ఆ గది పెట్టె అంకె ఈ పుస్తకంలోనే ఉంది, నా రాతలోనే. 580.

తన పెట్టె అబద్ధం చెప్తోందని అన్నకు తెలిసి ఉండాల్సింది. తెలిసి కూడా మరిచిపోయాడో, ఆ గాలిలో అసలు ఆలోచనే సాగలేదో. అడగడానికి ఎవరూ లేరు.

కార్డు మూసి, అన్నం వండాను.

మూత పడి 33వ రోజు.

సోర్స్ సంతలో పెట్టాను. మొత్తం పెట్టాను. నాలుగు వందల పన్నెండో లైను మాత్రం చెరిపేసి పెట్టాను.

ఒకసారి ఇద్దరు పోయినందుకే అన్నను అంతమంది అన్నారు. అప్పుడు అన్న తప్పు లేదు. ఇప్పుడు ఉంది. తెలిసి వదిలేశాడని తన చేత్తోనే రాసిపెట్టాడు. చచ్చిపోయిన మనిషి జవాబు చెప్పుకోలేడు కదా. తప్పు ఎక్కడుందో చెప్పాను, పెట్టె ఎప్పుడూ బయటే ఆన్ చేయాలని కూడా చెప్పాను. వాళ్లకి కావాల్సింది అంతే.

మూత పడి 34వ రోజు.

మధ్యాహ్నంలోపు మెహరున్నీసా, ఇంకో ఇద్దరు కలిసి సరిచేశారు. పదకొండు లైన్లు మార్చారు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో పక్కనే రాశారు. అంకెను నమ్మకుండా గంటకు పావుగంట ఫ్యాను తిరగాలి, మూత తీసే రోజు వరకూ. అంతవరకు బ్యాటరీ సరిపోతుందని లెక్క కట్టి చూపించారు. ఎవరికి వాళ్లు చదువుకుని, ఎవరి ఇంట్లో వాళ్లు కంపైల్ చేసుకున్నారు. నేనూ చదివి చేసుకున్నాను. ఈసారి ప్రతి లైనూ చదివాను.

ఫ్యాను తిరిగింది. నెల తర్వాత దాని చప్పుడు వింటే వేరే ఎవరింట్లోనో ఉన్నట్టుంది.

మూత పడి 36వ రోజు.

మిగిలిన నాలుగు తట్టల్లో పురుగులు మేస్తున్నాయి. కుళ్లాయమ్మ రాగి సంగటి చేసింది. ఉప్పు తక్కువైందని చెప్పాను. "అబ్బ, నాలిక వచ్చెనే నీకు!" అని నవ్వింది.

మెహరున్నీసా రాసింది: గౌస్ లేచి కూర్చున్నాడట, పేరు పెట్టి పిలిచాడట, వెంటనే టీ చల్లారిందని కసురుకున్నాడట.

తలనొప్పి పోయింది. అది పోయాక దాని కింద ఇంకేమైనా ఉంటుందేమోనని చూసుకున్నాను. ఏమీ లేదు.

మూత పడి 37వ రోజు.

పొద్దున మెహరున్నీసా నాకొక్కదానికే రాసింది.

"అక్కా, ఓబులేసన్న సోర్స్ మొత్తం మూడుసార్లు చదివాను. ఆయన ఎక్కడా ఖాళీ లైను వదల్లేదు. నాలుగు వందల పన్నెండు ఒక్కటే ఖాళీగా ఉంది. అక్కడ ఏమైనా ఉండేదా?"

"ఏమీ లేదు" అని రాశాను.

ఆమె "సరే అక్కా" అంది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

మధ్యాహ్నం ఆకు కోస్తూ కుళ్లాయమ్మకు చెప్పాను. ఆమెకు ప్రోగ్రాంలు తెలీవు. అన్నకు తప్పు తెలుసని, రాసి పెట్టుకున్నాడని, నాకు చెప్పలేదని, నేను దాన్ని చెరిపేశానని చెప్పాను. ఆమె కత్తి పక్కన పెట్టి విన్నది.

"యాల చెప్పలేదంటావు వాడు?" అని అడిగింది.

"సిగ్గేమో. ఆ దక్షిణం గొడవ అయినాక తప్పు అనే మాట వింటేనే లేచి వెళ్లిపోయేవాడు. సరిచేశాక చెబుదాం అనుకుని ఉంటాడు."

"అనుకోని, నాలుగేండ్లు గడిపినాడు."

"అవును."

"ఇప్పుడు నువ్వు గూడా అనుకుంటాండావు." మళ్లీ కత్తి తీసుకుంది. "పోయినోడి మీద ఎంత మన్ను పోసినా వానికి బరువు గాదు రత్నా. నీకే బరువు. ఆ నలభై రెండో గుంత పిల్లోని అన్న ఉండాడే, వానికి బరువు. తమ్ముడు ఎట్ల పోయినాడో వానికి సగమే తెలుసు."

మూత పడి 38వ రోజు.

నాలుగు వందల పన్నెండో లైను తిరిగి పెట్టాను. తారీఖుతో సహా, అన్న రాసింది రాసినట్టు. కింద నా పేరుతో రాశాను: ఈ లైను చెరిపింది నేను. మెహరున్నీసా అడిగితే ఏమీ లేదని అబద్ధం చెప్పిందీ నేనే. చదవకుండానే ఆపి ఆన్ చేయమన్నదీ నేనే. ఓబులేసు కూడా పోయినేడు ఈ పెట్టె కిందే పోయాడని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇవాళ సంతలో వచ్చినవి అన్నీ రాయను. హంతకుడు అన్నారు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ హంతకులే అన్నారు. ఒకాయన అన్న పేరు ప్రోగ్రాంలోంచి తీసేయాలన్నాడు. ఆరేళ్ల కిందట అన్నను తిట్టినవాళ్లలో ఒకామె మాత్రం, అప్పుడు మేము అలా మాట్లాడకపోయి ఉంటే ఈ లైను దాచుకునేవాడు కాదేమో అని రాసింది. ఆమెనూ తిట్టారు.

మెహరున్నీసా ఒకే మాట రాసింది. "చదివాను అక్కా."

అన్నీ చదివాను. ఒక్కటి కూడా తప్పు అనిపించలేదు. ఒక్కటి కూడా తగల్లేదు.

మూత పడి 40వ రోజు. గాలి 640. (పెట్టెను నిన్న పైకి తీసుకెళ్లి, బయటే ఆన్ చేసి తెచ్చాను. ఈ అంకె నిజం.)

పది గంటలప్పుడు రేడియో పలికింది. తెలియని గొంతు.

"అక్కా, నేను ఎర్రిస్వామిని. తిప్పేస్వామి వాళ్లన్నను."

"చెప్పు నాయనా" అన్నాను. తిట్టడానికే అనుకున్నాను. తిట్టాలి కూడా. అతను సంతలో ఇన్నాళ్లూ ఒక్కమాట అనలేదు.

"నాకు చదవడం బాగా రాదు. ఏడో గుంత టీచరమ్మ చదివి చెప్పింది. మీ అన్న రాసిన లైను, మీరు కింద రాసింది, రెండూ."

"ఊఁ."

"నిన్న పగలంతా మీ మీద కోపంగా ఉండాది. ఇప్పుడూ ఉండాది. పోలేదు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఒకటి అడగాలని పిలిచినా. ఆ లైను కింద మావోళ్ల పేర్లు రాయొచ్చునా?"

నాకు అర్థం కాలేదు. "ఎక్కడ?"

"ఆ ప్రోగ్రాంలోనే. మనుషులు చదివే దాంట్లో."

"సోర్స్‌లో ఎవరైనా రాయొచ్చు. కానీ పెట్టె దాన్ని చదవదు స్వామీ. కంపైల్ చేస్తే పోతుంది."

"పెట్టె కోసం గాదులేక్కా. రేప్పొద్దున ఎవరో ఒకరు ఇంకా బాగా చేస్తామని దాన్ని తీసుకుంటారు గదా. ఆ లైను కాడికి వచ్చినోళ్లు రెండు నిమిషాలు ఆగల్ల. ఇది ఊరికే రాసింది గాదు, ఇక్కడ మనుషులు పోయినారు అని తెలియల్ల."

రాసుకుంటాను చెప్పు అన్నాను. అతను నెమ్మదిగా చెప్పాడు. తిప్పేస్వామి, ముప్పై ఆరేళ్లు. వన్నూరమ్మ, ముప్పై రెండు. హనుమక్క, వయసు ఆమెకే తెలీదు, అరవై అయిదని రాయమన్నాడు. నేను టైపు చేసి, తిరిగి చదివి వినిపించాను. వన్నూరమ్మ పేరులో ఒక అక్షరం దిద్దమన్నాడు. దిద్దాను.

ఇంక రేడియో పెట్టేస్తాడు అనుకున్నాను. పెట్టలేదు.

"మీ అన్న పేరు గూడా రాస్తారా?" అన్నాడు.

నేను టైపు చేసిన మూడు పేర్లు చూస్తున్నాను.

"ఆయప్ప గూడా ఆ గాలికే పోయినాడంటిరి గదా. నాకు ఆయప్ప మీద కోపమే. అయినా పోయినోళ్ల లెక్క సరిగ్గా ఉండల్ల. రాయొద్దంటే వద్దులేక్కా."

రాస్తాను అనబోయాను. గొంతులోంచి మాట రాలేదు, ఇంకేదో వచ్చింది. మొదట దగ్గు అనుకున్నాను. కుళ్లాయమ్మ పక్క గదిలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. బల్ల పట్టుకుని వంగిపోయాను. అంత చప్పుడు నాలోంచి వస్తుందని నాకు తెలీదు. పదకొండు నెలల కిందట నిచ్చెన మీద అన్న బరువు నా భుజానికి ఎలా ఆనిందో ఇప్పుడు తెలిసింది. చల్లటి కాఫీ ఎలా పారబోశానో, ఆ గ్లాసు ఎలా కడిగి బోర్లించానో.

రేడియోలో ఎర్రిస్వామి ఉన్నాడు. ఏడవొద్దు అనలేదు.

"రాస్తాను స్వామీ" అన్నాను, చివరికి.

"పేరు పూర్తిగా చెప్పుకుంటూ రాయక్కా. నేనూ వింటా."

చెప్పడానికి చాలాసేపు పట్టింది. అతను అంతసేపూ ఆగాడు.